గోడ తాగిన నీళ్లు ఎటు పోవాలె?

మొన్నటి ముసురుకు మా పక్క ఊరి తమ్ముడొకడు ఫోన్ల ఫొటో పంపిండు. ఇల్లు కట్టి రెండేండ్లు గూడ గాలె. మోకాలెత్తు దాంక రంగు బుగ్గలు లేసి పెచ్చులు రాలుతున్నది. మూలకు నల్లటి బూజు. "అన్నా, ఏ కంపెనీ వాటర్‌ప్రూఫ్ రంగు ఎయ్యాలె?" అని అడిగిండు.

జహీరాబాద్ దిక్కు ఈ ముచ్చట నన్ను అడగని వానకాలం లేదు. నేను ఇంజినీరును గాను. పది తర్వాత చదువు పుస్తకాలల్ల, సుతారోళ్ల పక్కన కూసొని నేర్చుకున్నదే. కానీ గోడ గురించి నేను నేర్చుకున్నది నష్టపోయి నేర్చుకున్న. అందుకే రంగు డబ్బా పేరు చెప్పే ముందు ఆ తమ్మునికి చెప్పిందే మీకు గూడ చెప్తున్న.

మా నాయిన కట్టింది మట్టి గోడల ఇల్లు. ఎర్రమట్టి, రెండడుగుల మందం. అవ్వ ఏటా దసరా ముంగట అలికి, సున్నం ఏసేది. నా చేతిల నాలుగు పైసలు ఆడంగనే ఆ మట్టి గోడలు చూస్తే నాకు సిగ్గనిపించింది. బయటి దిక్కు పురాగ సిమెంటు గిలాబు చేయించిన. ఊర్ల అందరు మంచిగున్నదన్నరు. నాలుగో వానకాలం, మూడు దినాల ముసురు తర్వాత, రాత్రి పడమటి గోడ కూలింది. ఆ పక్క ఎవ్వరం పండుకోలేదు గాబట్టి బతికినం. తెల్లారి చూస్తే సిమెంటు పొర పలక తీరు అట్లనే ఉన్నది. దాని ఎనుక మట్టి మాత్రం గంజి తీరు అయిపోయింది. నలభై ఏండ్లు వానల నిలబడ్డ గోడను, కాపాడుదామని చేసిన పనే కూలగొట్టింది.

నీళ్లు నాలుగు తొవ్వల వస్తయి

గోడకు తేమ నాలుగు దిక్కుల నుంచి వస్తది. ఒకటి, గాలితోని కలిసి కొట్టే వాన జల్లు. రెండు, పునాది కెల్లి పైకి ఎక్కే నెమ్ము. మూడు, పైన స్లాబు పర్రెల నుంచి, పైపుల నుంచి దిగే నీళ్లు. నాలుగోది, ఇంటి లోపల మనమే పుట్టించే ఆవిరి. అన్నం ఉడికినా, స్నానం చేసినా, పది మందిమి ఒక్క అర్రల పండుకున్నా ఆవిరి వస్తది. కిటికీ మూసి ఉంటే అది పోయి చల్లటి గోడకు అతుకుతది.

రెండో తొవ్వ అర్థం గావాలంటే దీపం వత్తిని చూడుండ్రి. నూనె కింద ఉంటది, వత్తి దాన్ని పైకి గుంజుతది. వత్తిల సన్నటి సందులుండుడే దానికి కారణం. సందు ఎంత సన్నగుంటే నీళ్లు అంత ఎత్తు ఎక్కుతయి. ఇటుకల, సిమెంటుల, మట్టిల కంటికి కనవడని సందులు లక్షలుంటయి. అంటే మన గోడ గూడ ఒక పెద్ద వత్తే.

ఒక లెక్క చూద్దాం. మామూలు ఎర్ర ఇటుక 24 గంటలు నీళ్లల్ల నానితే దాని బరువుల 20 శాతానికి మించి నీళ్లు తాగొద్దని భారత ప్రమాణం చెప్తది. మూడు కిలోల ఇటుకకు అది 600 గ్రాములు, అంటే అర లీటరు కంటె ఎక్కువ. పదడుగుల పొడుగు, పదడుగుల ఎత్తు, తొమ్మిదించుల మందం గోడల ఇంచుమించు వెయ్యి ఇటుకలు వడ్తయి. గోడ మొత్తం కడుపునిండ తాగితే 600 లీటర్లు, అంటే మూడు డ్రమ్ముల నీళ్లు. ఏ గోడా అంత నిండుగ తాగదు గాని, ఎంత పట్టే జాగ ఉన్నదో తెలవాలని చెప్తున్న.

గోడ నీళ్లు తాగుడు రోగం గాదు. తాగిన నీళ్లు ఎల్లిపోయే తొవ్వ లేకపోవుడే రోగం. వానకు తడిసి ఎండకు ఆరే గోడ వందేండ్లు ఉంటది. తడిసి ఆరని గోడ పదేండ్లు గూడ మంచిగుండది.

ఒక్కో సామానుది ఒక్కో గుణం

మట్టి సంగతి ముందు. మట్టి గోడ గాలిల తేమ ఎక్కువైతే పీల్చుకుంటది, తక్కువైతే ఇడిసిపెడ్తది. అందుకే ఆ ఇంట్ల ఎండకాలం సల్లగ, చలికాలం ఎచ్చగ అనిపిస్తది. మందం గూడ దానికి ఆసరా. కానీ నీళ్లు నిలిచి నానితే మట్టికి బలం పోతది. ఏ మట్టి అన్నది గూడ చూడాలె. మా దిక్కు రెండు తీర్ల నేలలున్నయి. నల్లరేగడి నీళ్లు తాగితే ఉబ్బుతది, ఎండితే నెర్రెలు పాస్తది. ఎర్రమట్టి అంతగా ఉబ్బది. గోడకు ఎర్రమట్టి తెచ్చుకున్న మా తాతలకు రసాయనం తెల్వదు గాని, ఏది ఉబ్బుతదో ఏది ఉబ్బదో కండ్లార చూసినోళ్లు.

బొక్కల ఎర్రరాయి మా జహీరాబాద్, బీదర్ దిక్కు నేల కిందనే దొరుకుతది. పుస్తకాలల్ల లాటరైట్ అంటరు. మలబారు దిక్కు తిరిగిన బుకానన్ అనే ఆయన 1807ల అచ్చైన తన పుస్తకంల ఈ పేరు పెట్టిండు, లాటిన్‌ల ఇటుక అని అర్థం. భూమిల ఉన్నప్పుడు మెత్తగ ఉండి కోతకు వస్తది, గాలి తగిలినంక గట్టివడ్తది. దాంట్ల సన్నటి సందులు, పెద్ద బొక్కలు రెండూ ఉంటయి. సన్నటివి నీళ్లు పీలుస్తయి గాని, పెద్ద బొక్క వత్తి తీరు పనిచెయ్యదు, నీళ్లను పైకి గుంజలేదు, గాలి ఆడనిస్తది. మాకు 30 కిలోమీటర్ల దూరంల ఉన్న బీదర్ కోటకు పోయి చూడుండ్రి. 15వ శతాబ్దంల బహమనీ సుల్తానులు రాజధానిని గుల్బర్గా నుంచి బీదర్‌కు మార్చినప్పుడు గట్టిపరిచిన కోట అది. కందకాలు ఆ ఎర్రరాతినే తొలిచి తీసిండ్రు. ఆ రాతి గుణం తెలిసినోళ్లు గాబట్టే అక్కడ నేల కింద కరేజ్ సొరంగాలు తవ్వుకున్నరు. వాన నీళ్లు ఎర్రరాతిల నుంచి దిగి, కింద గట్టి రాయి తగిలిన కాడ ఆగుతయి. ఆ నీళ్లనే ఊరికి పారించుకున్నరు.

ఎర్ర ఇటుక మంచిగ కాలితే జల్ది తాగుతది, జల్ది ఆరుతది. సరిగ కాలని ఇటుక తాగుతనే ఉంటది. పరీక్ష ఇంటికాడనే చేసుకోవచ్చు. బట్టీ కెల్లి నాలుగు ఇటుకలు తెచ్చి రెండు దినాలు ఎండపెట్టి, కిరాణా దుకాణంల తూకమెయ్యుండ్రి. ఒక దినమంత నీళ్లల్ల ముంచి, తీసి తుడిచి మళ్ల తూకమెయ్యుండ్రి. మూడు కిలోలది మూడు కిలోల ఆరొందల గ్రాములు దాటితే ఆ లోడు వాపస్ పంపియ్యుండ్రి. బూడిద ఇటుకకు గూడ ఇదే లెక్క నడుస్తది.

సిమెంటు బ్లాకు తక్కువ తాగుతది. ప్రమాణం ప్రకారం 10 శాతం దాటొద్దు. కానీ అది ఆరేటప్పుడు సంకోచిస్తది, అంటే జెర గుంజుకపోతది. పచ్చి బ్లాకులు తెచ్చి కడితే అతుకుల పొంటి పర్రెలు వస్తయి, ఆ పర్రెలల్ల నుంచి జల్లు లోపలికి వస్తది. ఈడనే చాన మంది సుతారోళ్లు ఒక తప్పు చేస్తరు. ఇటుకను నానబెట్టి కట్టాలె, లేకుంటే సిమెంటుల నీళ్లు గుంజుకుంటది. సిమెంటు బ్లాకును నానబెట్టొద్దు, పైపైన తడి చేస్తే చాలు. రెండింటికి ఒకే అలవాటు పెడితే పర్రె తప్పది.

తెల్లగ తేలికగ ఉండే ఏఏసీ బ్లాకుల నిండ గాలి బుగ్గలుంటయి. వేడిని మంచిగ ఆపుతది. కానీ తన బరువుకు మస్తు నీళ్లు తాగుతది, ఆరుడు నిదానం. దాన్ని గిలాబు లేకుంట వానకు ఇడిసిపెట్టొద్దు, పునాది తడికి ఆనించొద్దు. పిల్లరుకు, బ్లాకుకు నడుమ అతుకు మీద జాలి ఏసి గిలాబు చెయ్యాలె.

గ్రానైట్ అయితే నీళ్లు తాగదనే చెప్పొచ్చు. అందుకే పునాదికి మంచిది. కానీ రాయి తాగకున్నా రాళ్ల నడుమ మాలు తాగుతది. తొవ్వ ఆడ నుంచే ఉంటది.

మట్టికి సిమెంటు కోటు ఎందుకు పడది

ఇగ మా ఇంటి గోడ ఎందుకు కూలిందో చూడుండ్రి. సిమెంటు గిలాబు గట్టిది, మట్టి మెత్తది. ఎండకు, వానకు మట్టి జెరంత కదులుతది, సిమెంటు కదలది. అందుకే సన్నటి పర్రెలు వస్తయి. పర్రెల నుంచి వాన లోపలికి పోతది. కింద నుంచి నెమ్ము ఎక్కుతది. ముందైతే ఆ తడి బయటి ముఖం నుంచి ఆవిరై పోయేది. ఇప్పుడు సిమెంటు అడ్డం ఉన్నది. లోపలికి పోవుడే గాని బయటికి వచ్చుడు లేదు. గోడ పాదం కాడ మట్టి నాని, పై బరువు మొయ్యలేక జారుతది. బయటికెల్లి చూస్తే మాత్రం ఏం తెల్వది. అదే అసలు ప్రమాదం.

ఇది మా ఒక్క ఊరి ముచ్చట గాదు. అమెరికాల న్యూమెక్సికో రాష్ట్రంల రాంచోస్ ద తావోస్ అనే ఊర్ల పాత మట్టి చర్చి ఉన్నది. ఏటేటా మట్టి పూసుడు ఎందుకని 1967ల దానికి సిమెంటు గిలాబు చేసిండ్రు. పదేండ్లు దాటంగనే లోపల మట్టి పాడైతున్నదని తేలింది. 1979ల సిమెంటంత కొట్టేసి మళ్ల మట్టి పూసిండ్రు. ఇప్పటికీ ఊరోళ్లందరు కలిసి మట్టి పూస్తరు. ఆఫ్రికాల మాలి దేశంల, జెన్నె పట్నంల 1907ల కట్టిన పెద్ద మట్టి మసీదు ఉన్నది. ఊరంత పండుగ తీరు కూడి దానికి ఏటా మట్టి పూస్తరు.

మరి గచ్చు? దొరల గడీలకు, కోటలకు డంగు సున్నం వాడిండ్రు. సున్నం, ఇసుక గానుగల రుబ్బి, కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపేటోళ్లు. సున్నం గాలిల నుంచి కార్బన్ డయాక్సైడు తీసుకొని మెల్లగ మళ్ల రాయి అయితది. సన్న పర్రె వస్తే కొంత తనే పూడ్చుకుంటది. అన్నింటికన్న పెద్ద గుణం, అది ఆవిరిని పోనిస్తది. మట్టికి, పాత ఇటుకకు, ఎర్రరాయికి అది పడ్తది.

నేను మట్టిని నెత్తిన పెట్టుకొని పూజ చెయ్యమంటలేను. మట్టి ఇల్లంటే లేనోళ్ల ఇల్లు, గచ్చు ఇల్లంటే దొర ఇల్లు అన్న కాలం నాకు యాదికున్నది. ఏటేటా అలుకుడు, పూసుడు ఆడోళ్ల నడుములు ఇరగ్గొట్టిన పని. ప్రతి వానకాలం గోడ కూలి సచ్చేది గూడ పేదోళ్లే. పక్కా ఇల్లు అడుగుడు మన హక్కు. కానీ సిమెంటు కనవడంగనే పక్కా అయిపోయిందనుకునుడు తప్పు. జొన్న రొట్టెను పేదోళ్ల తిండి అని ఇడిసిపెట్టి, ఇప్పుడు షుగరు వచ్చినంక దుకాణంల కొంటున్నం. మా పస్తాపూర్ దిక్కు డీడీఎస్ సంఘం అక్కలు పాత పంటల జాతర తీసి ఆ తప్పు మనకు చూపెట్టిండ్రు. గోడల సంగతిల గూడ అదే తప్పు చేస్తున్నం.

రోడ్డు పెరిగింది, ఇల్లు దిగింది

ఆ తమ్ముని ఇంటికి పోయి చూసిన. రంగుది తప్పు గాదు. ఇల్లు కట్టేటప్పుడు గడప రోడ్డు మీద అడుగున్నర ఎత్తుల ఉండె. పాత సీసీ రోడ్డు తవ్వకుంట దాని మీదనే కొత్తది పోసిండ్రు. ఇప్పుడు గడప అర అడుగు గూడ లేదు. మోరీ లేదు. వాన నీళ్లన్ని గోడ పాదం కాడ నిలుస్తున్నయి. చుట్టు నేల కన్న బేస్‌మెంటు కనీసం 450 మిల్లీమీటర్లు, అంటే అడుగున్నర ఎత్తు ఉండాలని జాతీయ భవన నియమావళి చెప్తది. ఒక్క రోడ్డు పనితోని ఆ ఎత్తు పోయింది.

నేల నీళ్లల్ల, బోరు నీళ్లల్ల ఉప్పులుంటయి. నీళ్లు గోడ ఎక్కి, ముఖం మీద ఆవిరి అయిపోతయి, ఉప్పు అక్కడనే మిగులుతది. గోడ మీద తెల్లగ పొడి తీరు, చౌడు తీరు కనవడేది గదే. ఆ ఉప్పు గట్టివడి పెరిగి గిలాబును లోపటికెల్లి నూకుతది. దాని మీద రబ్బరు తీరు రంగు ఏస్తే ముందు బుగ్గలు, తర్వాత పెచ్చులు. టైల్సు అతికిస్తే ఇంకో తమాష. మూడడుగుల దాంక టైల్సు ఉంటే నెమ్ము ఆడ ఆవిరి గాలేక నాలుగడుగుల కాడ పైకి తేలుతది. రోగం తగ్గలేదు, జాగ మార్చింది. ఇదేదో గోడ అందం ముచ్చట గూడ గాదు. తేమ, బూజు ఉన్న ఇండ్లల్ల దగ్గు, ఉబ్బసం ఎక్కువైతయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లనే చెప్పింది. బూజు గోడ పక్కన మంచం ఎవరిది ఉంటదో మీ ఇంట్ల మీరే చూసుకోండ్రి. చానవరకు ముసలోళ్లది, లేకుంటే పిల్లలది.

ఇందిరమ్మ ఇండ్ల కాడ జెర పైలం

ఇప్పుడు ఊరూర ఇందిరమ్మ ఇండ్లు నడుస్తున్నయి. 5 లక్షలు దశలవారీగ ఇస్తున్నరు. బేస్‌మెంటు అయితే లక్ష, తర్వాత గోడలకు, స్లాబుకు, చివరకు మిగిలింది. ఫొటో యాప్‌ల ఎక్కితేనే పైసలు పడ్తయి. అప్పు తెచ్చి కట్టేటోనికి తొందర ఉంటది, తప్పు పట్టలేం. కానీ తొందరల రెండు పనులు ఎగిరిపోతున్నయి.

మొదటిది డీపీసీ. బేస్‌మెంటు మీద, గోడ మొదలయ్యే కాడ ఇంచున్నర మందం గట్టి కాంక్రీటు, వాటర్‌ప్రూఫ్ మందు కలిపి, పైన తారు పూత. వత్తిని నడుమల కత్తిరించినట్టు, కింది నెమ్ము పైకి ఎక్కకుంట ఆపేది ఇదే. ఇల్లు అయినంక దీన్ని పెట్టుడు మహా కష్టం. కట్టేటప్పుడు పెడితే రంగు డబ్బాల ఖర్చుల ఎల్లిపోతది.

రెండోది, తడుపుడుకు ఆరుడుకు తేడా. సిమెంటు పని బలం పట్టాలంటే కనీసం 7 దినాలు, బూడిద కలిపిన పీపీసీ సిమెంటుకు 10 దినాలు తడుపాలె. ఇప్పుడు మనకు దొరికే బస్తాల చానవరకు పీపీసీనే. తడుపుడు అయినంక గోడ ఆరాలె. గిలాబు అయినంక కనీసం ఒక నెల ఇడిసిపెట్టి, అప్పుడు పుట్టీ, రంగు. గృహప్రవేశం ముహూర్తం దగ్గరికొచ్చిందని పచ్చి గోడకు పుట్టీ ఏస్తే, ఆ నీళ్లను మనమే లోపల పెట్టి తాళం ఏసినట్టు.

ఏం చెయ్యాలె

ముందు రోగం ఎక్కడిదో కనుక్కోవాలె. అడుగున్నర సదరం ప్లాస్టిక్ కవరు గోడకు పెట్టి నాలుగు దిక్కుల టేపు ఎయ్యుండ్రి. ఒక దినం తర్వాత చూడుండ్రి. కవరుకు గోడ దిక్కు నీటి బొట్లుంటే తడి గోడల ఉన్నది. అర్ర దిక్కు బొట్లుంటే ఆవిరి ఇంట్లది, కిటికీ తెరుసుడు, వంటింటికి పొగ పోయే తొవ్వ పెట్టుడే మందు.

తడి మోకాలు, నడుము ఎత్తు దాంక సమానంగ ఉంటే అది కింద నుంచి వచ్చింది. గోడ పక్కన నీళ్లు నిలువకుంట మూడడుగుల ఎడల్పు వాలు చెయ్యుండ్రి, మోరీ తియ్యుండ్రి. మచ్చ పైకెల్లి దిగితే స్లాబు, పైపు చూడుండ్రి. కిటికీ కింద మచ్చ ఉంటే సజ్జ సరిపోలేదు. పాత ఇండ్లకు చూరు అంత బయటికి ఎందుకు పెట్టిండ్రో ఆలోచించుండ్రి. మంచి చెప్పులు, మంచి టోపీ, అంటే ఎత్తు బేస్‌మెంటు, పొడుగు సజ్జ ఉన్న గోడకు మందులతోని పని తక్కువ.

మట్టి గోడకు సిమెంటు గిలాబు ఉన్నోళ్లు వానల దాన్ని ముట్టొద్దు. గోడ ఉబ్బినా, పాదం కాడ పర్రె పెద్దగైనా ఆ పక్క మనుషులు, పశువులు పండుకోవద్దు. ఎండకాలం తెలిసిన సుతారిని పిలిచి చూపెట్టి, పాదం కాడి గిలాబు ముందు తీయించి, గోడను ఆరనిచ్చి, ఎర్రమట్టి, ఇసుక, గడ్డి కలిపిన పూత పూసి సున్నం ఎయ్యుండ్రి. సున్నం నానబెట్టేటప్పుడు కండ్లు పైలం.

ఇంకో మాట. యూట్యూబ్‌ల చలి దేశాలోళ్లు గోడ లోపలి దిక్కు ప్లాస్టిక్ పొర పెట్టుడు చూపెడ్తరు. ఆడ ఆవిరి ఎచ్చటి ఇంట్ల నుంచి చల్లటి బయటికి పోతది. మన దిక్కు ఏసీ పెట్టిన ఇంటికి వానకాలం ఆవిరి బయటికెల్లి లోపలికి వస్తది. వాళ్ల మందు మనకు రోగం అయితది.

ఇవి ఇంటోళ్లు చేసుకునే పనులు. పంచాయతీ చెయ్యాల్సినవి రెండున్నయి. పాత సీసీ రోడ్డు తవ్వకుంట మీద కొత్తది పొయ్యొద్దని గ్రామసభల తీర్మానం గావాలె, మోరీ లేని రోడ్డుకు బిల్లు ఆపాలె. ఇందిరమ్మ ఇంటి బేస్‌మెంటు ఫొటోతోని పాటు డీపీసీ ఫొటో గూడ అడగాలె. ఈ రెండూ అడిగేటందుకు ఇంజినీరింగ్ చదువు అక్కెర లేదు, గ్రామసభకు పోతే చాలు.

ఆ తమ్ముడు రంగు కొనలేదు. ఆ పైసలతోని ఇంటి ముంగట మోరీ తీసిండు, గోడ పాదం కాడ వాలు చేసిండు, రాలిన గిలాబు గీకి ఎండకు ఇడిసిపెట్టిండు. వచ్చే వానకాలం పోయి మళ్ల కవరు పెట్టి చూస్తం.